లెక్కలోకి రాని బ్రౌన్‌వాల్డ్

సి.పి. బ్రౌన్ నిఘంటువుని మన పెద్దలు ‘బ్రౌణ్యం’ అనేవారు. మనిషి పేరే పుస్తకం పేరైపోయింది. వైద్య విద్యార్థుల నోట అలా పుస్తకంగా మారిన మరో పేరు బ్రౌన్‌వాల్డ్. “బ్రౌన్‌వాల్డ్‌లో చూశావా?” అని అడిగే కుర్రవాడికి ఆయనొక మనిషన్న సంగతి తట్టకపోవచ్చు. 1980లో మొదటిసారి వెలువడిన ఆ లావుపాటి పుస్తకం అసలు పేరు ‘హార్ట్ డిసీజ్’.

యూజీన్ బ్రౌన్‌వాల్డ్ 1929లో వియన్నాలో, ఒక యూదు కుటుంబంలో పుట్టారు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాక ఆ కుటుంబం ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయి, చివరికి న్యూయార్క్ చేరింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆయన 1952లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. సహాధ్యాయిని నీనా స్టార్‌ని పెళ్ళాడారు. ఆవిడా సామాన్యురాలు కాదు. తాను రూపొందించిన కృత్రిమ మైట్రల్ కవాటాన్ని 1960లో మనిషి గుండెలో అమర్చిన శస్త్రవైద్యురాలు. ఆయన బెథెస్డాలోని ప్రభుత్వ పరిశోధనాలయంలో పదేళ్ళకు పైగా పనిచేసి, 1968లో శాన్ డియేగోకి, 1972లో బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రికి వెళ్ళారు.

ఆ రోజుల్లో గుండెపోటు వస్తే ఏం చేసేవారు? రోగిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1960లలో ప్రత్యేక వార్డులు వచ్చి, గుండె లయ తప్పితే సరిదిద్దడం నేర్చుకున్నారు. రక్తం అందక చచ్చిపోతున్న కండరం సంగతి మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదనుకునేవారు. బ్రౌన్‌వాల్డ్ బృందం కుక్కల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. ధమని మూసుకున్నాక గుండె మీద పనిభారం పెంచితే దెబ్బతినే ప్రాంతం పెరిగింది, భారం తగ్గిస్తే తగ్గింది. అంటే నష్టం ఒక్క క్షణంలో జరిగిపోయేది కాదు, వైద్యుడు జోక్యం చేసుకోవడానికి కొంత వ్యవధి ఉంది. తర్వాత ‘కాలమే కండరం’ అన్న మాట వాడుకలోకి వచ్చింది ఈ ఆలోచన మీదే. 1984లో ఆయన నాయకత్వంలో ‘టిమి’ అధ్యయన బృందం ఏర్పడింది. టీపీఏ అనే కొత్త మందు, పాత స్ట్రెప్టోకైనేజ్ కంటే దాదాపు రెండింతల మందిలో మూసుకున్న ధమనిని తెరిచిందని వాళ్ళ మొదటి పరీక్ష తేల్చింది.

ఇక లెక్కలు. ఎవరి వ్యాసాన్ని ఎవరు ఎన్నిసార్లు ప్రస్తావించారో తెలిపే సైటేషన్ సూచికని యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ఫిలడెల్ఫియా నుంచి తెచ్చారు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ‘హెచ్-ఇండెక్స్’ కనిపెట్టారు. కనీసం యాభైసార్లు చొప్పున ప్రస్తావించబడిన వ్యాసాలు మీవి యాభై ఉంటే మీ అంకె యాభై. చాలామంది ప్రొఫెసర్లు ఆ అంకెతోనే తృప్తిపడతారు. వెయ్యికి పైగా వ్యాసాలున్న బ్రౌన్‌వాల్డ్ అంకె రెండు వందలు దాటింది.

అయితే ఆ అంకెలో ఒక చేదు గింజ కూడా ఉంది. ఆయన ప్రయోగశాలలో జాన్ డార్సీ అనే చురుకైన యువ పరిశోధకుడు ఉండేవాడు. 1981లో కొలతలు కల్పిస్తూ సహచరుల కంటపడ్డాడు. పై పదవి అవకాశం పోయింది గానీ, ఇదొక్కటే తప్పు అనుకుని అతన్ని మరికొన్ని నెలలు అక్కడే పనిచేయనిచ్చారు. ఆ నిర్ణయానికి బ్రౌన్‌వాల్డ్ విమర్శలు మూటగట్టుకున్నారు. విచారణలో మోసం ఇంకా లోతైనదని బయటపడింది. ఆయన పేరు కూడా ఉన్న కొన్ని వ్యాసాలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, వెనక్కి తీసుకున్న తర్వాత కూడా డార్సీ వ్యాసాలని, నిజమే అన్నట్టు, ఏళ్ళ తరబడి ఇతరులు ప్రస్తావిస్తూనే వచ్చారని తర్వాతి పరిశీలనలు చూపించాయి. సైటేషన్ నోరు తెరిచి నిజం చెప్పదు, అబద్ధం చెప్పదు. పేరు వచ్చిందని మాత్రం రాసుకుంటుంది.

ఇంకో వైపూ ఉంది. ఒక ఊహ పూర్తిగా గెలిచాక దాన్ని ఎవరూ ప్రస్తావించరు. గురుత్వాకర్షణ అన్నప్పుడల్లా న్యూటన్ పుస్తకాన్ని ఉదహరిస్తామా? అర్ధరాత్రి కాకినాడలోనో, కరీంనగర్‌లోనో ఛాతీ పట్టుకుని వచ్చిన రైతుకి ఈసీజీ తీసి, గడియారం చూసి, రక్తపు గడ్డని కరిగించే మందు ఎక్కిస్తున్న డ్యూటీ డాక్టరు 1971 నాటి వ్యాసాన్ని చదివి ఉండకపోవచ్చు. ఆ తొందర ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించే తీరికా ఉండదు. ఆ రైతు బతికి ఇంటికి వెళ్తాడు. ఏ సూచికలోనూ ఒక అంకె పెరగదు.

ఉద్యోగాలకీ, పదోన్నతులకీ మన విశ్వవిద్యాలయాలు కూడా ఇప్పుడు సైటేషన్లు లెక్కపెడుతున్నాయి. లెక్కపెట్టవద్దని నేను అనను. లెక్క ముగిశాక, ఆ మనిషి పని వల్ల ఎవరు ఏం మార్చుకున్నారని ఇంకో ప్రశ్న కూడా అడిగితే బాగుంటుంది.