జింక్ ద్రావణంలో కోబాల్ట్

విశాఖపట్నంలో మింది దగ్గరి హిందుస్థాన్ జింక్ కర్మాగారం 1977లో మొదలై 2012లో మూతపడింది. ఖనిజాన్ని వేయించి, గంధకామ్లంలో కరిగించి, ఆ ద్రావణంలోకి కరెంటు పంపి జింక్‌ను రాబట్టడం అక్కడి పద్ధతి. ఈ పద్ధతికి ఎక్కడైనా మొండి శత్రువు కోబాల్ట్ సల్ఫేట్. లీటరు ద్రావణంలో కొద్ది మిల్లీగ్రాములు మిగిలినా, కాథోడ్ మీద పేరుకున్న జింక్ తిరిగి ఆమ్లంలో కరిగిపోతుంది. ఖర్చుపెట్టిన కరెంటు దండగ. జింక్ పొడి చల్లితే రాగి, కాడ్మియం సులువుగా విడిపోతాయి. కోబాల్ట్ అంత తేలిగ్గా లొంగదు. అందుకే జింక్ పరిశ్రమలో వేడి పెంచి ఆర్సెనిక్ లేదా యాంటిమొని సమ్మేళనాన్ని కలుపుతారు, లేదా బీటా నాఫ్తాల్‌తో మడ్డి కట్టిస్తారు. ఆర్సెనిక్ వాడితే ఆర్సీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టవచ్చు. శుద్ధి విభాగంలో పనిచేసేవారికి గాలి ప్రసరణ ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

జింక్‌కు మలినమైన ఈ లవణమే వేరే చోట విలువైన సరుకు. ఏడు నీటి అణువులతో ఎర్రటి స్ఫటికాలుగా దొరికే కోబాల్ట్ సల్ఫేట్ నీటిలో బాగా కరుగుతుంది. లోహపు పూతలకు, బ్యాటరీలకు, పింగాణీ నీలం రంగుకు, పశువుల దాణాకు వాడతారు. నెమరువేసే పశువుల కడుపులోని సూక్ష్మజీవులు కోబాల్ట్ లేనిదే బి12 విటమిన్ తయారుచేయలేవు.

మోతాదు మించితే మాత్రం విషమే. 1960లలో కెనడాలోని క్విబెక్‌లో నురగ నిలవడానికి బీరులో ఈ లవణం కలిపితే, అతిగా తాగేవారిలో గుండె కండరం దెబ్బతిని పలువురు చనిపోయారు. తాకితే చర్మానికి అలర్జీ, పొడి పీలిస్తే ఉబ్బసం రావచ్చు. నీటిలో కరిగే కోబాల్ట్ లవణాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటిలో చేర్చింది.