గర్భాం గనులు, ధన్‌బాద్ చదువులు

భారతదేశంలో మాంగనీసు తవ్వకం వ్యాపారంగా మొదలైంది 1892 ప్రాంతంలో, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని కోడూరు దగ్గర. కోడూరు, గర్భాం, గరివిడి, దేవాడ, పెరపి ఊళ్ల చుట్టూ పరుచుకున్న ఈ గనుల నేలలో చీపురుపల్లి తాలూకా భాగం 1950 ఆగస్టు 15న పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఖనిజం భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల మీదుగా విదేశాలకు పోయేది. 1905 ప్రాంతంలో రష్యాలో అల్లర్లు చెలరేగి కాకసస్ ఖనిజం ఆగిపోయేసరికి భారత మాంగనీసుకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. విజయనగరం పరగణా పల్లెల్లో పొలం పనులు లేని నెలల్లో గని కూలి దొరికే రోజులవి.

ఇక్కడి గనులు ఎక్కువగా పైనుంచి తవ్వే గోతులే. పలుగుతో మగవాళ్లు తవ్వడం, తట్టలతో ఆడవాళ్లు మోయడం, గట్టు మీద కూర్చుని సుత్తితో రాయి పగలగొట్టి మంచి ఖనిజం ఏరడం, ఇదీ పని తీరు. ప్రమాదం గోతి అంచులోనే ఉండేది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగి లూయిస్ లీ ఫెర్మర్ ఈ ప్రాంతమంతా తిరిగి, కోడూరు పేరు మీదనే ఇక్కడి రాతికి ‘కోడూరైట్’ అని పేరు పెట్టాడు. 1909లో వచ్చిన ఆయన బృహద్గ్రంథం దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నింటినీ వర్ణించింది. కోడూరైట్‌లోని ఫెల్‌స్పార్ కుళ్లి తెల్లటి మెత్తని బంకమన్నుగా మారుతుందని ఫెర్మర్ గుర్తించాడు. శాస్త్రజ్ఞుడికి అది రాయి పుట్టుకకు సంబంధించిన ఆధారం. తట్ట మోసే కూలీకి మాత్రం వానలో నాని విరిగిపడే గోడ. ఈ రెండు చూపులూ కలవడానికి చాలా కాలం పట్టింది.

చట్టం వేరే దారిన వచ్చింది. 1897లో కోలారు బంగారు గనిలో జరిగిన పెద్ద ప్రమాదం, ఆ కాలంలోనే బలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో పోయిన ప్రాణాలు ప్రభుత్వాన్ని కదిలించాయి. 1901లో గనుల చట్టం, మరుసటి ఏడు కలకత్తాలో తనిఖీ కార్యాలయం వచ్చాయి. 1908లో ఆ కార్యాలయం ధన్‌బాద్‌కు మారింది. 1923 నాటి కొత్త చట్టం పదమూడేళ్ల లోపు పిల్లలను గనుల్లోంచి తప్పించింది. 1935లో ఆ హద్దు పదిహేనేళ్లకు పెరిగింది. అయితే ఇన్‌స్పెక్టర్లు కొద్దిమంది, గనులు వేలు. ఏడాదికోసారి వచ్చిపోయే ఇన్‌స్పెక్టరు కన్నా రోజూ గనిలో ఉండే మేనేజరుకు చదువు ఉండటం ముఖ్యమని ప్రభుత్వానికి అర్థమైంది. గని భద్రతకు విశ్వవిద్యాలయం అవసరం పడింది ఇక్కడే.

1923లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మైనింగ్ చదువు మొదలైంది. 1926లో ధన్‌బాద్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ తెరుచుకుంది. దాని తొలి ప్రిన్సిపాల్ డేవిడ్ పెన్‌మన్ తర్వాత గనుల ప్రధాన తనిఖీదారు అయ్యాడు. పాఠం చెప్పిన మనిషే తనిఖీ శాఖను నడపడం ఆ రోజుల్లో వింతేమీ కాదు, తనిఖీ కార్యాలయమూ కళాశాలా ఒకే ఊళ్లో ఉండేవి. మేనేజరు, ఫోర్‌మన్, మైనింగ్ మేట్, బ్లాస్టర్ పనులకు సర్టిఫికెట్ తప్పనిసరి. ఆ పరీక్ష పెట్టేది తనిఖీ శాఖ. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం పట్టా చేతిలో ఉంటే పరీక్షకు కావలసిన గని అనుభవంలో కొంత మినహాయింపు దొరుకుతుంది. పైకి చిన్న గుమాస్తా లెక్కలా కనిపించే ఈ ఏర్పాటే ప్రభుత్వానికీ చదువుల గడపకీ మధ్య ఎక్కువ కాలం నిలిచిన ఒప్పందం.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) కూడా 1926లోనే పుట్టింది. అక్కడి భూవిజ్ఞాన శాఖ 1940లలో సి.వి.రామన్ శిష్యుడు కాలమూరు మహదేవన్ నాయకత్వంలో ఎదిగింది. గరివిడి, గర్భాం గనులు వాల్తేరులోని ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులకు దగ్గరి ప్రయోగశాల. కోడూరైట్ అగ్నిశిల అన్న ఫెర్మర్ మాటను తర్వాతి తరాలు తిరగదోడాయి, వాదించాయి, సరిదిద్దాయి. ఈ పరిశోధన విలువను ఎవరూ కాదనలేరు. కానీ అందులో ముందు కూర్చున్నది రాయి, తర్వాతే మనిషి.

స్వాతంత్ర్యం తర్వాత 1952 గనుల చట్టం, 1961 లోహగనుల నిబంధనలు వచ్చాక ఆ దూరం కొంత తగ్గింది. బంకమన్ను, గ్రావెల్ లాంటి మెత్తని నేలలో గోతి పక్క 45 డిగ్రీలకు మించని వాలుగా ఉండాలి, లేదా మెట్లుగా కోయాలి. మెట్టు ఎత్తు మీటరున్నర దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. ఈ కొలత పలుగు, పార నాటిది. యంత్రాలు దిగాక అంత చిన్న మెట్టు మీద పని సాగదు. ఇంతకన్నా ఎత్తు కావాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ (ఇప్పటి తనిఖీ శాఖ) అనుమతి తీసుకోవాలి. లోతైన గని అయితే గోడ నిలుస్తుందో లేదో శాస్త్రీయ సంస్థ చేత లెక్క కట్టించమని షరతు పెట్టడం పరిపాటి. నేల నమూనాలు, నీటి మట్టం, రాతి పగుళ్ల దిశ చూసి ధన్‌బాద్, ఎన్‌.ఐ.టి.ల ఆచార్యులు రాసే నివేదికలు ఆ విధంగా చట్టంలో భాగమయ్యాయి. ఫెర్మర్ చూసిన తెల్లమన్ను చివరికి భద్రత లెక్కలోకి వచ్చింది.

దుమ్ము సంగతి ఇంత సాఫీగా తేలలేదు. మాంగనీసు పొడి పీల్చిన పనివాళ్ల కాళ్లు పట్టు తప్పడం, మాట సన్నగిల్లడం గురించి గ్లాస్గో వైద్యుడు కూపర్ 1837లోనే రాశాడు. 1960లలో చిలీ గని కార్మికుల మీద అక్కడి వైద్యులు, అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ కొట్జియాస్ కలిసి చేసిన పని ఈ విషానికీ పార్కిన్సన్ వ్యాధికీ ఉన్న పోలికను స్పష్టం చేసింది. మన గనుల చట్టం కింద కూడా నరాలకు సోకే మాంగనీసు విషం, వైద్యుడు తప్పక తెలియజేయాల్సిన జబ్బుగానే ఉండేది. అయితే 1950లలో గరివిడిలో ఫెర్రో మాంగనీసు కొలిమి వెలిశాక ఒకే ఊరి పనివాళ్లకు ఇద్దరు అధికారులయ్యారు. గనిలో దుమ్ము కేంద్రానిది, కొలిమి పొగ రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖది. పొద్దున ఒక చోట, మధ్యాహ్నం మరో చోట పనిచేసే కూలీ ఊపిరితిత్తులకు ఆ గీత తెలియదు.

శ్రీకాకుళం వైపు రాతి క్వారీలది ఇంకో కథ. లోతు ఆరు మీటర్లు, మనుషులు 50 మంది దాటకపోతే, మందుగుండు వాడకపోతే, కంకర, ఇళ్ల రాయి తీసే చోట్లకు 1952 చట్టంలోని చాలా సెక్షన్లు వర్తించేవి కావు. టెక్కలి పరిసరాల గ్రానైటు క్వారీలు చాలావరకు ఈ హద్దు దాటినవే. రోడ్డు పక్క కంకర గోతుల్లో మాత్రం సర్టిఫికెట్ ఉన్న మేనేజరూ, పట్టభద్రుడూ కనిపించడం అరుదు.

ఫ్యాక్టరీల విషయంలో విశ్వవిద్యాలయాన్ని పిలిచింది ఎక్కువగా ప్రమాదం జరిగాకే. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ వేసిన కమిటీలో జస్టిస్ శేషశయనారెడ్డితో పాటు ఆంధ్ర విశ్వవిద్యాలయం మాజీ ఉపకులపతి, కెమికల్ ఇంజినీరింగ్ శాఖాధిపతి, కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఉన్నారు. ఈ కెమికల్ ఇంజినీరింగ్ శాఖ మూలాలు 1930లలో జయపురం మహారాజు విక్రమదేవవర్మ విరాళంతో నిలిచిన కళాశాలలో ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి గనుల చట్టం, ఫ్యాక్టరీల చట్టం రెండూ వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. తనిఖీ మాత్రం ఇప్పటికీ గనికి కేంద్రం, ఫ్యాక్టరీకి రాష్ట్రం చేతిలోనే ఉంది.