అమెరికాలో అంతా మెరిటేనా?

కొండపల్లి నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి, అటు మైలవరం నుంచి నాతో మాట్లాడేవాళ్లలో చాలామంది ఒక మాట తప్పకుండా అంటారు: "మీ అమెరికాలో రిజర్వేషన్ల గొడవ లేదు, అంతా మెరిటే. అందుకే అంత ఎదిగింది." ఇల్లు తాకట్టు పెట్టి పిల్లల్ని ఎమ్మెస్‌కు పంపే తల్లిదండ్రులు కూడా ఇదే నమ్మకంతో పంపుతున్నారు. నేను టెక్సస్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది. నా పిల్లలు ఇక్కడే చదువుకుంటున్నారు. ఆ మాట నిజం కాదని, దాన్ని నమ్మితే నష్టపోయేది మనమేనని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో రిజర్వేషన్ ఉండేది. దక్షిణాది రాష్ట్రాల్లో నూటికి నూరు సీట్లూ తెల్లవాళ్లకే. 1862లో లింకన్ సంతకం పెట్టిన మొరిల్ చట్టం రాష్ట్రాలకు భూములిచ్చి వ్యవసాయ, ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టించింది. అవి ఆదివాసీ తెగల చేతుల్లోంచి పోయిన భూములు. ఇవాళ మన పిల్లలు చదువుతున్న పెద్ద పెద్ద రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలావాటికి పునాది అదే. 1890లో రెండో మొరిల్ చట్టం వచ్చింది. నల్లవాళ్లనైనా చేర్చుకోండి, లేదా వాళ్లకు వేరే కాలేజీ అయినా పెట్టండి అంది. దక్షిణాది వేరే కాలేజీలే పెట్టింది. కెంటకీ రాష్ట్రంలో బెరియా కాలేజీ రెండు రంగుల పిల్లల్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి చదివిస్తుంటే, అలా చదివించడమే నేరమని అక్కడి ప్రభుత్వం 1904లో చట్టం చేసింది. నాలుగేళ్ల తర్వాత సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది ఓక్లహోమాలో జరిగింది. జార్జ్ మెక్‌లారిన్ అనే నల్లజాతి ఉపాధ్యాయుడు అప్పటికే మాస్టర్స్ చేసినవాడు, నల్లవాళ్ల కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, వయసులో పెద్దవాడు. విద్యాశాస్త్రంలో డాక్టరేట్ చేస్తానని ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాడు. కాదన్నారు. కోర్టుకెళ్లాడు. కోర్టు చెప్పాక 1948లో చేర్చుకోక తప్పలేదు. చేర్చుకుని ఏం చేశారంటే, తరగతి గదిని ఆనుకుని ఉన్న పక్కగదిలో ఒక బల్ల వేశారు. అక్కణ్నుంచే మెడ తిప్పి పాఠం వినాలి. లైబ్రరీలో అందరూ చదువుకునే హాల్లో కూర్చోకూడదు, మేడ మీద ఒక మూల ఆయనకంటూ ఒక బల్ల. కాంటీన్‌లో ఆయనకు వేరే బల్ల, వేరే వేళ. తర్వాత గదిలోకైతే రానిచ్చారు గానీ, ఆయన కుర్చీ చుట్టూ కమ్మీ కట్టి 'నల్లవాళ్లకు కేటాయించినది' అని బోర్డు పెట్టారు. గది బయట ఒంటరిగా కూర్చుని నోట్సు రాసుకుంటున్న ఆయన ఫొటో ఈనాటికీ దొరుకుతుంది. సూటు వేసుకున్న పెద్దమనిషి, గదిలో ఆయన పిల్లల ఈడు కుర్రాళ్లు.

ఆ ఫొటో చూసిన తెలుగువాడెవడికైనా బడి అరుగు మీద కూర్చుని కిటికీలోంచి పాఠం విన్న మన మాల మాదిగ పిల్లలు గుర్తుకు రావాలి. వేరు గ్లాసు, వేరు బావి, వేరు పంక్తి మనకు కొత్తవి కావు. 1917 నవంబరులో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో సభ పెట్టుకుని, మేము పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని చెప్పుకున్నవాళ్లు సరిగ్గా ఈ అవమానాన్నే ఎదిరించారు. మన కొండపల్లికి ఇరవై కిలోమీటర్ల లోపు జరిగిన సభ అది. మా బడిలో ఏ పంతులుగారూ దాని గురించి చెప్పలేదు.

1950 జూన్ 5న అమెరికా సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. ఒకటి మెక్‌లారిన్‌ది. రెండోది మా టెక్సస్‌దే. హ్యూస్టన్‌లో ఉత్తరాలు పంచే హేమన్ స్వెట్, ఆస్టిన్‌లోని లా కాలేజీలో సీటడిగాడు. సీటివ్వడం ఇష్టంలేక రాష్ట్రం నల్లవాళ్ల కోసం ఆదరాబాదరాగా వేరే లా కాలేజీ తెరిచింది. గదులు, పుస్తకాలు లెక్కపెట్టి సమానమంటే చాలదని, కాలేజీకున్న పేరు, అధ్యాపకులు, తోటి విద్యార్థులతో చర్చ, ఇవన్నీ కలిస్తేనే చదువని కోర్టు తేల్చింది. స్వెట్ ఆ ఏడాదే చేరాడు. ఒంట్లో, ఇంట్లో బాగోక 1952లో డిగ్రీ పూర్తికాకుండానే వదిలేశాడు. గెలిచిన కేసు ఆ మనిషిని ఎంత అరగదీసిందో ఆ ఒక్క ముక్కే చెబుతుంది.

ఆ 1950లోనే, జూలై 27న, ఇక్కడ మద్రాసు హైకోర్టు మరో తీర్పిచ్చింది. మన కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921లో మొదలుపెట్టిన కమ్యూనల్ జీవో అప్పటికీ నడుస్తోంది. ఆ ప్రభుత్వ ముఖ్యమంత్రి పానగల్ రాజా మన తెలుగువారే. మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ అనే మహిళ వేసిన కేసులో హైకోర్టు ఈ జీవోను కొట్టేసింది. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. మూడు నెలలు తిరగకుండా నెహ్రూ ప్రభుత్వం రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చింది. న్యాయశాఖ మంత్రిగా అంబేద్కర్ దాని పక్షాన వాదించారు. వెనుకబడినవాళ్లకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే నాలుగో క్లాజు 15వ అధికరణంలో అలా చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ రిజర్వేషన్లు అనంతరామన్ కమిషన్ 1970లో ఇచ్చిన నివేదిక మీద నిలబడ్డాయి, 1972లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. థర్మల్ స్టేషన్‌లో చిన్న ఉద్యోగం చేసిన మా నాన్న కొడుకుగా నాకు ఇంజనీరింగ్ సీటొచ్చింది ఆ దారినే.

రెండు దేశాలు విడిపోయింది ఇక్కడే. మనం పరిహారాన్ని రాజ్యాంగంలో రాసుకున్నాం. అమెరికా దాన్ని కోర్టు తీర్పులకు, అధ్యక్షుల ఉత్తర్వులకు, యూనివర్సిటీల ఇష్టానికి వదిలేసింది.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. 1965 సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్సన్, ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే సంస్థలు ఉద్యోగాలిచ్చేటప్పుడు వెలిపెట్టినవాళ్లను కలుపుకునేందుకు చొరవ తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ వెంటనే, అక్టోబరు 3న, వలస చట్టం మీద సంతకం పెట్టాడు. ఈ రెండూ ఒకే ఉద్యమం కడుపున పుట్టాయన్నది మనవాళ్లకు తెలియాల్సిన సంగతి. అంతకుముందు భారతీయులకు ఏడాదికి 100 వీసాల కోటా. దానికి ముందు అదీ లేదు. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్, తాను అగ్రకులపు ఆర్యుణ్ని గనుక తెల్లవాడి కిందే లెక్క అని పౌరసత్వానికి వాదిస్తే, 1923లో సుప్రీంకోర్టు కుదరదంది. కులం పేరు చెప్పుకుని తెల్లవాళ్ల పంక్తిలో కూర్చోబోతే లేపేశారు. నల్లవాళ్లు లాఠీలు, కుక్కలు, జైళ్లు ఓర్చుకుని తెరిపించిన తలుపులోంచి మన డాక్టర్లు, ఇంజనీర్లు లోపలికొచ్చారు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఇవాళ మనకున్న ఇళ్లకు, గుళ్లకు, సంఘాలకు మూలం అదే.

ఇక సీట్ల విషయం. కాలిఫోర్నియాలో డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 నల్లవాళ్ల వంటి మైనారిటీ జాతులవాళ్ల కోసం పక్కన పెట్టింది. 1978లో బాకీ అనే అభ్యర్థి వేసిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, జాతిని అనేక అంశాల్లో ఒకటిగా మాత్రం చూడొచ్చంది. కాబట్టి మన రోస్టర్ పాయింట్ల లాంటివి ఇక్కడ అప్పట్నుంచే లేవు. తర్వాత నలభై అయిదేళ్లు నడిచింది ఆ సన్నని వెసులుబాటు మీదే. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో అదీ పోయింది. ఆసియా పిల్లలకు అన్యాయం జరుగుతోందన్నది హార్వర్డ్ కేసులో ముఖ్య వాదన, మన ఇళ్లల్లో సంబరపడ్డవాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడాది ఎంఐటీలో కొత్తగా చేరినవాళ్లలో నల్లవాళ్ల వాటా 13 శాతం నుంచి 5 శాతానికి పడింది. అదే హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్లపిల్లల్లో 43 శాతం మంది పూర్వ విద్యార్థుల బిడ్డలో, దాతలతో పరిచయం ఉన్నవాళ్లో, అధ్యాపకుల పిల్లలో, ఆటగాళ్లో అని కేసులో బయటపడ్డ లెక్కలు చెప్పాయి. మన భాషలో దాన్ని మేనేజ్‌మెంట్ కోటా అంటాం. ఆ తీర్పు దాని జోలికి పోలేదు.

వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకోవడం పేరుతో యూనివర్సిటీల్లో నడిచిన ఆఫీసులను ఇక్కడ డీఈఐ అనేవారు. కొన్నిచోట్ల అది ఫారాలు నింపడంగా, మొక్కుబడి శిక్షణగా తయారైన మాట నిజమే. కానీ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు ఆర్థిక సాయం దరఖాస్తు నింపి పెట్టేది, లెక్కల్లో వెనకబడితే ట్యూషన్ చెప్పించేది, తరగతిలో ఎవరైనా ఈసడిస్తే ఎక్కడ చెప్పుకోవాలో చూపించేది అవే ఆఫీసులు. మా టెక్సస్ 2023లో చట్టం చేసి, 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో వాటిని మూయించింది. పేర్లు మార్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చినవీ ఆ వసంతంలో మూతపడ్డాయి. స్వెట్ పోరాడి చేరిన ఆస్టిన్‌లోనే పదుల మంది ఉద్యోగాలు పోయాయి. 2025 జనవరి 21న అధ్యక్షుడు ట్రంప్ ఒక్క సంతకంతో జాన్సన్ ఇచ్చిన 1965 ఉత్తర్వును రద్దు చేశాడు. అరవై ఏళ్ల పని ఒక పూటలో పోయింది. రాజ్యాంగంలో రాసుకోకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

మనతో పాటు కులం కూడా విమానమెక్కి వచ్చింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో తన 23 క్యాంపస్‌లలో కులవివక్షను నిషేధించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం నిషేధించింది. కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికీ చట్టం చేయబోతే అక్టోబరులో గవర్నర్ వెనక్కి పంపేశాడు. ఆ బిల్లును గట్టిగా ఎదిరించినవాళ్లు భారతీయులే. థింద్ చేసిన వాదనను వందేళ్ల తర్వాత కూడా మనం వదల్లేదా అని బాధేసింది.

అలాగని మన దగ్గర అంతా చక్కబడిందని నేననను. రాజ్యాంగం సీటిప్పిస్తుంది. గదిలో పక్కన కూర్చోనిచ్చే మనసును మాత్రం ఇప్పించలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల గుంటూరు అబ్బాయి. పరిశోధక విద్యార్థి. మెక్‌లారిన్‌కు గదిలో కట్టిన కమ్మీ మన క్యాంపస్‌లలో కంటికి కనపడకుండా ఉంది. ర్యాంకు అడిగే తీరులో, ఇంటిపేరు ఆరా తీసే తీరులో, 'కోటా క్యాండిడేట్' అని నవ్వే తీరులో ఉంది.

యూజీసీ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలోనూ సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష మీద ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. కొండపల్లి చుట్టుపక్కల ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు. మీ పిల్లల్ని చేర్చేటప్పుడు ప్లేస్‌మెంట్ల గురించి అడుగుతారు, బస్సు గురించి అడుగుతారు. ఆ అధికారి ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు అని కూడా అడగండి. పేరు చెప్పలేకపోతే రాతపూర్వకంగా అడగండి.