డ్రాప్ షాడో
డ్రాప్ షాడో అనగా బొమ్మలోని వస్తువుకు నీడను కల్పించి, అది తలానికి పైన ఉన్నట్లు భ్రమ కలిగించే ప్రభావము. ఫోటోషాప్‌లో ఇది 1998లో వెలువడిన 5.0 వెర్షన్‌తో లేయర్ ఎఫెక్టుగా చేరినది. విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్, కవరు వంటివాటి నమూనా చిత్రాలలో దీనిని విరివిగా వాడుతారు.

అయితే ఇది కార్డు ఆకారాన్నే ప్రక్కకు జరిపి, అంతటా ఒకే మేర మసకబరుస్తుంది. అందుచేత బల్లపై ఉండవలసిన కార్డు గాలిలో తేలుతున్నట్లు కనబడుతుంది. నిజమైన నీడ కాగితం బల్లను తాకేచోట సన్నగా, గాఢంగా ఉండి, అంచు పైకి లేచిన కొద్దీ వెడల్పై పలచబడుతుంది. పాఠ్యపుస్తకాలలోని ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయల భేదమే ఇది. కనుక నీడను రెండు లేయర్లుగా వేయుట మేలు: అంచును ఆనుకొని సన్నని ముదురు నీడ, దాని క్రింద గాసియన్ బ్లర్‌తో విస్తరించిన లేత నీడ. రెండింటినీ మల్టిప్లై పద్ధతిలో ఉంచితే బల్ల చెక్క గీతలు నీడలోనూ కనబడతాయి. ఫోటోలో కలము నీడ ఎటు పడినదో కార్డు నీడ కూడా అటే పడవలెను.