గుడ్డ విమానానికి రంగు ఎందుకు?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. విమానం మీద రంగు మొత్తం గీకేస్తే ఏమవుతుంది?

మీరు ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కే పెద్ద విమానమైతే వెంటనే ఏమీ కాదు. చాలావాటికి కింద అల్యూమినియం రేకు ఉంటుంది, అది గట్టిగానే ఉంటుంది. కానీ ఇంకో రకం విమానాలున్నాయి. చెక్కతోనో సన్నటి స్టీలు గొట్టాలతోనో చేసిన అస్థిపంజరం, దాని మీద బిగించి కప్పిన బట్ట. అంతే. ఒకరో ఇద్దరో కూర్చునే చిన్న విమానం. చాలామంది ఇంటి షెడ్డులో సొంతంగా కట్టుకుంటారు. దాని మీద రంగు తీసేసి ఎండలో వదిలేస్తే, కొంతకాలానికి రెక్క మీద వేలితో గట్టిగా నొక్కితే వేలు లోపలికి దిగిపోతుంది. ఆ రెక్కే కదా మనిషిని గాల్లో మోయాల్సింది!

అందుకే నేనంటాను, గుడ్డ విమానానికి రంగు మేకప్ కాదు. అది గొడుగు. ఈ సంగతి అర్థం కావడానికి మనుషులకి చాలా ఏళ్ళు పట్టింది, కొందరి ప్రాణాలు కూడా పోయాయి. ఆ కథ చెప్తాను.

1903లో రైట్ సోదరులు ఎగిరిన విమానం మీద ఏ పూతా లేదు. బట్టల షాపులో దొరికే మామూలు మస్లిన్, దాని బ్రాండు పేరు ప్రైడ్ ఆఫ్ ది వెస్ట్. వాళ్ళు దాన్ని తిన్నగా కాకుండా ఏటవాలుగా, దారాలు నలభై ఐదు డిగ్రీల కోణంలో వచ్చేలా కప్పారు, రెక్కకి బిగువు రావాలని. ఐడియా బాగుంది. కానీ పూత లేని బట్టతో రెండు ఇబ్బందులు. దాని సందుల్లోంచి గాలి కారుతుంది. తేమ తగిలితే సాగి వదులవుతుంది, నులక మంచం వదులైనట్టు. వదులైన రెక్కకి ఆకారం ఉండదు, ఆకారం లేని రెక్క సరిగ్గా ఎత్తదు.

దీనికి దొరికిన మందు పేరు డోప్. ఈ మాట వినగానే మీకు క్రీడల్లో డోపింగ్ గుర్తొస్తుంది, నిజానికి రెండూ ఒకే మాట నుంచి వచ్చాయి, డచ్ భాషలో సాస్ లాంటి చిక్కటి ద్రవాన్ని డూప్ అంటారు. మన భాషలో చెప్పాలంటే ఇది విమానానికి పెట్టే గంజి. గంజి పెట్టిన పంచె ఎలా నిలబడుతుందో, డోప్ పూసిన బట్ట అలా బిగుస్తుంది. ఇంకా చెప్పాలంటే ఆరుతూ ఆరుతూ బట్టని లోపలికి లాగుతుంది, చివరికి కొడితే డప్పులా మోగుతుంది. మొదట్లో వాడిన డోప్ నైట్రోసెల్యులోజ్. మీ ఇంట్లో నెయిల్ పాలిష్ ఉంటే మూత తీసి వాసన చూడండి, అందులో ఉండేది కూడా ఈ జాతి పదార్థమే. పాత కాలం సినిమా రీళ్ళు కూడా ఇదే. ఆ రీళ్ళు ఎంత తొందరగా అంటుకునేవో థియేటర్ల చరిత్ర చదివినవాళ్ళకి తెలుసు.

ఇప్పుడు అసలు బాధాకరమైన భాగం. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. వేల విమానాలు కావాలి. నైట్రేట్ డోప్ అంటుకుంటుంది కాబట్టి, అంత తొందరగా మండని అసిటేట్ డోప్ వైపు బ్రిటన్ వెళ్ళింది. మంచి నిర్ణయమే కదా? కానీ ఆ అసిటేట్‌ని కరిగించడానికి టెట్రాక్లోరోఈథేన్ అనే ద్రావకం వాడారు. దాని ఆవిరి లివర్‌ని పాడుచేస్తుంది. లండన్ దగ్గర హెండన్‌లో 1914 చివర్లోనే విమానాల ఫ్యాక్టరీలో పూత వేసేవాళ్ళకి పచ్చకామెర్లు రావడం మొదలైంది. తలుపులు మూసిన వెచ్చటి గదులు, చేతిలో బ్రష్షు, పూటంతా అదే గాలి. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళడంతో ఆ పనిలో ఆడపిల్లలు ఎక్కువగా ఉన్నారు. కొందరు చనిపోయారు. గాలి ఆడే ఏర్పాట్లు చేయడం, కార్మికులకి వైద్య పరీక్షలు, చివరికి 1916లో ఆ ద్రావకాన్నే పక్కన పెట్టడం, ఇదంతా ఆ తర్వాతే జరిగింది. పైలట్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రెక్కలకి పూత పూసిన అమ్మాయిల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఆ సమయంలోనే రెండో శత్రువు బయటపడ్డాడు. ఎండ. అప్పట్లో విమానాలకి ఐరిష్ లినెన్ వాడేవాళ్ళు, చాలా గట్టి బట్ట. డోప్ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి అతినీలలోహిత కిరణాలు దానిలోంచి నేరుగా బట్టని తాకి దారాల్ని తినేస్తాయి. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ప్రభుత్వ విమాన కర్మాగారం వాళ్ళు పిగ్మెంట్ కలిపిన పూత తయారుచేశారు, పేరు పీసీ 10. ఐరన్ ఆక్సైడ్ ఉన్న మట్టిరంగు పొడి, కొంచెం మసి. ఆ యుద్ధం ఫొటోల్లో, సినిమాల్లో బ్రిటిష్ విమానాలు ముదురు గోధుమ-ఆకుపచ్చ మధ్య ఒక రంగులో కనిపిస్తాయే, అదే ఇది. అందరూ దాన్ని శత్రువుకి కనపడకుండా వేసిన రంగు అనుకుంటారు. ఆ పని కూడా చేసింది, కాదనను. కానీ పుట్టింది మాత్రం బట్టకి ఎండ తగలకుండా అడ్డుపడటానికి.

జర్మన్లు ఇంకో దారి పట్టారు. పెయింట్ బరువు కదా, అందుకని రంగురంగుల పలకల డిజైన్‌ని బట్ట మీదే ముందే అచ్చు వేయించారు, చీర మీద ప్రింట్ వేసినట్టు. తర్వాత దాన్ని విమానానికి కప్పేవాళ్ళు. నాకు ఇది చాలా తెలివైన పని అనిపిస్తుంది.

యుద్ధం అయిపోయింది. ఇక్కడి నుంచి కథ ఫ్యాక్టరీ వదిలి ఇంటి షెడ్డులోకి వస్తుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊరు. బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్, సొంతంగా నేర్చుకున్నవాడు. 1929లో ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజను పెట్టి ఎయిర్ క్యాంపర్ అనే రెండు సీట్ల విమానం ఎగరేశాడు. చెక్క చట్రం, పైన బట్ట. ఆ రోజుల్లో మోడర్న్ మెకానిక్స్ అనే పత్రిక ఉండేది. కారు ఇంజన్లతో విమానాలు పనికిరావని దాని ఎడిటర్ రాశాడు. పీటెన్‌పోల్ ఏం చేశాడో తెలుసా? ఉత్తరం రాసి ఊరుకోలేదు. రెండు ఎయిర్ క్యాంపర్లు ఆ పత్రిక ఉండే మినియాపోలిస్ దగ్గరికి ఎగిరొచ్చాయి. తర్వాత అదే పత్రిక ఆ విమానం ప్లాన్లు అచ్చేసింది! ఆ ప్లాన్లతో ఈరోజుకీ కడుతున్నారు.

మన దేశం సంగతి కూడా ఒక ముక్క. హెచ్ఏఎల్ తయారుచేసిన పుష్పక్, 1958లో మొదటిసారి ఎగిరింది, అది కూడా గుడ్డ కప్పిన విమానమే. ఇంట్లో కట్టింది కాదనుకోండి, ఫ్యాక్టరీది. దేశమంతా ఫ్లయింగ్ క్లబ్బుల్లో కుర్రాళ్ళు దాని మీదే ఎగరడం నేర్చుకున్నారు.

సరే, ఇలాంటి విమానం ఒకటి ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత మీ చేతికొచ్చింది అనుకోండి. పైన రంగు నిగనిగలాడుతోంది. కొనేయొచ్చా? ఇక్కడే అసలు ప్రమాదం. రంగు బాగుంటే కింద బట్ట బాగున్నట్టు కాదు. పాత కాటన్ బట్టకి ఒక లెక్క ఉంది. గ్రేడ్ ఏ కాటన్ కొత్తగా ఉన్నప్పుడు అంగుళం వెడల్పు పట్టీ 80 పౌండ్లు లాగినా తెగకూడదు. అది 56 పౌండ్లకి, అంటే 70 శాతానికి, తగ్గిందంటే ఇక ఎగరకూడదు, గుడ్డ మార్చాల్సిందే. అందుకే రెక్క పైభాగంలో ఒక చిన్న పరికరంతో పొడిచి చూస్తారు. పైభాగమే ఎందుకంటే ఎండ పడేది అక్కడే. కింది వైపు బట్ట బాగానే ఉండి పైది కుళ్ళిపోయిన రెక్కలు ఉంటాయి.

1960లలో ఈ లెక్క మారింది. దాని వెనక ఉన్న మనిషి రే స్టిట్స్, కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్. ఇతను మొదట సొంత విమానాలు కట్టే పిచ్చి ఉన్నవాడు. 7 అడుగుల 2 అంగుళాల రెక్కలతో స్కై బేబీ అని ఒక బుల్లి విమానం కూడా చేశాడు. తర్వాత బట్ట మీద పడ్డాడు. కాటన్ బదులు పాలిస్టర్, డోప్ బదులు వినైల్ పూత. పాలిస్టర్‌తో లాభం ఏంటంటే, బిగించడానికి డోప్ అక్కర్లేదు, వేడి చాలు. మన దగ్గర డప్పు కొట్టేవాళ్ళు మంట దగ్గర డప్పు కాచుకుంటారు చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ ఇస్త్రీ పెట్టెతో.

పని ఎలా జరుగుతుందంటే, పాత గుడ్డ మొత్తం కోసి తీసేస్తారు. అప్పుడు లోపలి చెక్క కనపడుతుంది. నన్నడిగితే రీస్టోరేషన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇదే. ఎక్కడ చెమ్మ దిగింది, ఎక్కడ జిగురు వదిలింది, ఎక్కడ ఎలుక గూడు పెట్టింది, అన్నీ బయటపడతాయి. అవి బాగుచేశాకే కొత్త బట్ట. అంచులకి జిగురుతో అతికించి, ముందు 250 డిగ్రీల ఫారెన్‌హీట్ ఇస్త్రీ, చివరికి 350. అంతకంటే వేడెక్కితే బట్ట బిగువు పోతుంది, అందుకే ముందే థర్మామీటర్ పెట్టి ఇస్త్రీ పెట్టెని చెక్ చేసుకుంటారు. తర్వాత డబ్బనం లాంటి పొడవాటి సూది, మైనం పట్టించిన దారం. రెక్క ఇటు నుంచి అటుకి పొడిచి, లోపలి పక్కటెముకలకి బట్టని ముడి వేసి కుడతారు. ఎగిరేటప్పుడు రెక్క పైన గాలి బట్టని పైకి లాగుతుంది కాబట్టి ఈ కుట్లు తప్పనిసరి. కుట్ల మీద రంపం పళ్ళలా అంచు కత్తిరించిన టేపు అతికిస్తారు.

ఆ తర్వాత పూతలు. మొదటిది బట్ట సందులు మూసేది. రెండోది వెండి రంగు, అల్యూమినియం పొడి కలిపింది. పాలిస్టర్ కదా, ఎండకి ఏమీ కాదులే అనుకోవద్దు, పూత లేకపోతే అది కూడా బలం పోగొట్టుకుంటుంది. ఈ వెండి పూత సరిపోయిందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది, నాకు భలే నచ్చింది. చీకట్లో రెక్క లోపల ఒక బల్బు వెలిగించి బయటి నుంచి చూడాలి. వెలుతురు కనిపిస్తే పూత చాలలేదు. ఆఖర్న మీకు నచ్చిన ఎరుపో పసుపో వేసుకోండి. కానీ మందంగా వద్దు. ప్రతి కోటూ బరువే, మెరుపు కోసం కోటు మీద కోటు వేస్తే విమానం మోయగలిగే బరువులోంచి ఆ మేరకు పోయినట్టే.

పాత విమానాన్ని డోప్‌తోనే చేయాలని పట్టుబట్టేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి వాతావరణంతో గొడవ. గాల్లో తేమ ఎక్కువగా ఉంటే, ద్రావకం ఆరేటప్పుడు పూత చల్లబడి, దాని మీద తేమ చేరి, తెల్లగా పాలిపోతుంది. కాకినాడలో వానాకాలంలో ఈ పని చేయాలంటే ఎంత కష్టమో ఊహించుకోండి. పీసీ 10 సరైన రంగు ఏది, ఆకుపచ్చా గోధుమా అని మ్యూజియంల వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, ఎందుకంటే వందేళ్ళలో మిగిలిన ముక్కలన్నీ తలో రకంగా మారిపోయాయి.

మరి తీసేసిన పాత గుడ్డని ఏం చేస్తారు? చాలాసార్లు చెత్తలోకే. కొందరు నంబరో బొమ్మో ఉన్న ముక్క కోసి దాచుకుంటారు. రైట్ సోదరుల విమానం ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. దాని మీద ఉన్నది మాత్రం 1903 నాటి గుడ్డ కాదు. 1927లో ఓర్విల్ రైట్ మార్చాడు, 1985లో మ్యూజియం మళ్ళీ మార్చింది. ఆ మొదటి మస్లిన్‌లో ఒక ముక్క 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో చంద్రుడి దాకా వెళ్ళొచ్చింది. పోస్టల్ స్టాంపంత ఇంకో ముక్క ఇంజెన్యుటీ హెలికాప్టర్‌కి కట్టి పంపారు, 2021లో అది మార్స్ మీద ఎగిరింది. ఆ ముక్క ఇప్పుడు అక్కడే ఉంది.