పది మిల్లీవాట్ల కబురు

దూరాన ఉన్నవాడికి వినపడాలంటే గొంతు పెంచాలి. గట్టు మీద నిలబడి కేకేసే ప్రతి రైతుకూ తెలిసిన సంగతే. రేడియో తొలి రోజుల్లో ఇంజనీర్లూ ఇలాగే అనుకున్నారు. వందేళ్ల హామ్ రేడియో చరిత్ర మాత్రం మరో దారిలో నడిచింది. అందులో గొంతు తగ్గుతూ వచ్చింది, చెవి పదునెక్కుతూ వచ్చింది. ఈ రోజు ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, వేరే ట్రాన్స్‌మిటర్ ఏదీ లేకుండానే, తన పిన్ నుంచి నేరుగా వేల కిలోమీటర్లకు సంకేతం పంపగలుగుతోంది. ఒకప్పుడు ఫిజిక్సు చదివిన మనకూ, ఇప్పుడు బడిలో పాఠం చెబుతున్న ఉపాధ్యాయులకూ ఆసక్తి కలిగించే కథ ఇది.

1912లో అమెరికా చట్టం ఔత్సాహికులకు 200 మీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాలను మాత్రమే మిగిల్చింది. అవి దూరం పోవని అప్పటివారి నమ్మకం. పనికిరాదని వదిలేసిన ఆ చెలకలోనే పంట పండింది. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికన్ స్కాట్లాండ్‌లోని ఆర్డ్రోసన్ తీరంలో గుడారం వేసుకుని కూర్చున్నాడు. అట్లాంటిక్ అవతల కనెక్టికట్ నుంచి ఔత్సాహికులు పంపిన మోర్స్ సంకేతాలను విన్నాడు. ఆ కేంద్రం శక్తి సుమారు ఒక కిలోవాట్. 1923 నవంబరులో ఫ్రాన్సులోని లియోన్ డెలాయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ ఇంకా పొట్టి తరంగాల మీద ఇటూ అటూ సంభాషించారు. పైనున్న అయనోస్ఫియర్ పొట్టి తరంగాలను తిరిగి నేల వైపు వంచుతుందన్న గుణం అలా అందరికీ ఉపయోగంలోకి వచ్చింది.

శక్తి ఎంత తక్కువైనా సరిపోతుందని లోకమంతటికీ తెలిపింది స్పుత్నిక్. 1957 అక్టోబరు 4న కక్ష్యలోకి వెళ్లిన ఆ గోళంలో ఉన్నది ఒక్క వాట్ ట్రాన్స్‌మిటర్. దాని బీప్ శబ్దాన్ని ఎన్నో దేశాల హామ్‌లు తమ ఇళ్లలోనే విన్నారు.

మన సంఘం పుట్టిన కాలానికి దగ్గరగా, 1975 ఏప్రిల్‌లో, కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ సమావేశంలో ఒక వింత జరిగింది. స్టీవ్ డాంపియర్ తన ఆల్టెయిర్ కంప్యూటర్ పక్కన మామూలు రేడియో పెట్టి, బీటిల్స్ పాట వినిపించాడు. ఆ కంప్యూటర్‌కు స్పీకరూ లేదు, తెరా లేదు. లోపల స్విచ్చులు పడుతూ లేస్తూ ఉంటే వెలువడే రేడియో రొదను, ప్రోగ్రాం లెక్కతో స్వరాలుగా మలిచాడు. అందరూ చిరాకుపడే రొదను సంకేతంగా వాడవచ్చన్నది అక్కడ కనిపించింది.

ఇక చెవి సంగతి. పల్సార్ల పరిశోధనకు 1993లో నోబెల్ బహుమతి పంచుకున్న జో టేలర్ స్వయంగా హామ్. 2008లో ఆయన విస్పర్ అనే పద్ధతిని విడుదల చేశాడు. విస్పర్ అంటే గుసగుస. అందులో కబురు చాలా చిన్నది: పంపేవారి కాల్‌సైన్, ఉన్న చోటు, వాడిన శక్తి, అంతే. మొత్తం 50 బిట్లు. వాటిని 162 గుర్తులుగా సాగదీసి, సుమారు 111 సెకన్ల పాటు నిదానంగా పంపుతారు. సంకేతం వెడల్పు 6 హెర్ట్జ్ మాత్రమే. కొన్ని గుర్తులు చెడిపోయినా మిగిలినవాటి నుంచి లెక్కగట్టి కబురును తిరిగి రాబట్టవచ్చు. ఒక మాట పట్టేంత వెడల్పులో ఉండే రొద కన్నా ఆరు వందల రెట్లు బలహీనంగా ఉన్న సంకేతాన్ని కూడా కంప్యూటర్ ఇలా గుర్తుపడుతుంది. నిదానమే ఇక్కడ బలం.

అంత చిన్న గొంతు చాలినప్పుడు ట్రాన్స్‌మిటర్ ఎందుకన్న ప్రశ్న సహజం. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పిన్‌కు తీగ కట్టి ఎఫ్.ఎం. ప్రసారం చేసి చూపారు. 2021 జనవరిలో వచ్చిన పీకో బోర్డు ధర నాలుగు డాలర్లు. దాని పిన్‌ను సెకనుకు 70 లక్షల సార్లు ఆన్, ఆఫ్ చేస్తే అదే 7 మెగాహెర్ట్జ్ తరంగం. చిక్కు ఎక్కడంటే, దాని గడియారం 133 మెగాహెర్ట్జ్. 19తో భాగిస్తే సరిగ్గా 7 వస్తుంది, 18తో భాగిస్తే 7.39 వస్తుంది. మనకు కావలసింది 7.04 దగ్గర. అందుకని ఎనిమిది సార్లు 19తో, ఒకసారి 18తో భాగిస్తూ పోతే సగటున అక్కడికి చేరుతుంది. ఈ వంతులను ఇంకా సన్నగా సర్దితే విస్పర్‌కు కావలసిన ఒకటిన్నర హెర్ట్జ్ అడుగులు కూడా వేయవచ్చు. ఎనిమిదో తరగతి సగటు లెక్క ఆకాశంలోకి వెళ్తోందన్నమాట!

వెలువడే శక్తి పది మిల్లీవాట్ల ప్రాంతం. 1921 నాటి కేంద్రంతో పోలిస్తే లక్షో వంతు. ఆకాశం అనుకూలిస్తే ఆ కాస్తా సముద్రాలు దాటుతుంది.

అయితే ఒక హెచ్చరిక. పిన్ నుంచి వచ్చేది నున్నటి తరంగం కాదు, చతురస్రపు తరంగం. 7 మెగాహెర్ట్జ్‌తో పాటు 21, 35 దగ్గర కూడా పిల్ల తరంగాలు పుడతాయి. కాయిళ్లు, కెపాసిటర్లతో చేసిన ఫిల్టర్ లేకపోతే ఇతరుల సంకేతాలకు అడ్డు తగులుతాయి. వంతుల లెక్క వల్ల పక్కనే పుట్టే రొదను ఆ ఫిల్టరూ పూర్తిగా ఆపలేదు. మిల్లీవాట్ అయినా లైసెన్సు తప్పనిసరి. మన దేశంలో పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు.

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం, 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు చేరవేసింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి హామ్‌ల కోసమే హామ్‌శాట్ ఉపగ్రహం ఎగిరింది.

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏమివ్వాలని చాలామంది అడుగుతున్నారు. ఈ రోజు పిల్లల చేతిలో ఉన్న ఫోను మూత విప్పలేని పెట్టె. అది ఎలా మాట్లాడుతుందో చూపించే పరికరం ఏదీ వాళ్ల ముందు లేదు. ఒక బోర్డు, ఒక ఫిల్టర్, మేడ మీద పది మీటర్ల తీగ, లైసెన్సు ఉన్న ఒక హామ్ పర్యవేక్షణ ఉంటే ఆ లోటు తీరుతుంది. ఖర్చు ఒక శాలువా సన్మానం పాటి. ముందుగా ఒక ఉపాధ్యాయుడు, నలుగురు తొమ్మిదో తరగతి పిల్లలు లైసెన్సు పరీక్ష రాసేలా చూద్దాం. ఆ ఫీజు మన సంఘం కట్టాలి.