వారసత్వ వాటాలు - మన లెక్కమాటలు

దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరాలో వారసులకు నిర్ణయింపబడిన భాగాలు ఆరు: నిస్ఫ్ (1/2), రుబ్అ (1/4), సుమున్ (1/8), సులుసాన్ (2/3), సులుస్ (1/3), సుదుస్ (1/6). వీటిని తెలుగులో చెప్పబోయినప్పుడు రెండు లెక్కల పద్ధతులు ఎదురవుతవి.

తెలుగువారి పాత భిన్నాలు సగాన్ని సగం చేసే పద్ధతిలో ఏర్పడినవి. అరలో అర కాలు. కాలులో కాలు వీసం, అనగా 1/16. ఉర్దూ 'పావ్' కూడా పావుగా ఇందులో కలిసిపోయినది. కనుక నిస్ఫ్, రుబ్అ, సుమున్ ఈ వరుసలో సులువుగా ఇముడుతవి. సులుస్, సుదుస్‌లకు మాత్రం అటువంటి మాట లేదు. మూడోవంతు, ఆరోవంతు అనవలసినదే.

కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1800లో నిజాం నుండి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలలోనివి. తరువాత కర్నూలు జిల్లాలో ఉండి, 1970లో ప్రకాశం జిల్లాలో చేరినవి. ఇక్కడా, దేశమంతటా, ఆస్తి మొత్తాన్ని పదహారణాలుగా భావించి వాటా చెప్పే వాడుక ఉండేది. తెలుగువారి వీసమూ, రూపాయిలోని అణా ఒకే కొలత. పైగా అణాకు 12 పైలు కావడం వలన రూపాయి 192 పైలయినది. ఈ సంఖ్యను మూడుతోనూ, ఆరుతోనూ, ఎనిమిదితోనూ శేషం లేకుండా భాగింపవచ్చును.

ఒక వ్యక్తి భార్యను, తల్లిని, ఒక కుమారుని విడిచి మరణించెననుకొందాం. అప్పులు, వసీయత్ తీరిన పిదప మిగిలిన దానిలో భార్యకు ఎనిమిదోవంతు, అనగా రెండణాలు. తల్లికి ఆరోవంతు, అనగా రెండణాల ఎనిమిది పైలు. మిగిలిన పదకొండణాల నాలుగు పైలు కుమారునివి. ఒక్క పై కూడా మిగలదు, తగ్గదు.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలయినది. వ్యాపారానికి అది మేలే. కాని నూరును మూడుగాను, ఆరుగాను సరిగా పంచలేము. ఆరోవంతును '16.66 శాతం' అని వ్రాసినచో, 30 లక్షల ఆస్తిలో తల్లికి రావలసిన 5,00,000 రూపాయలు 4,99,800 అవుతవి. పోయినది 200 రూపాయలే అయినా, అది ఆమె హక్కు. ఆస్తి కొద్దిదైనా గొప్పదైనా భాగం నిర్ణీతమేనని అదే సూరా 7వ ఆయతు తెలుపుచున్నది.

అణా పైలు వాడుక నుండి పోయినవి. ఆరోవంతు, మూడోవంతు అనే మాటలు మాత్రం మనకు మిగిలే ఉన్నవి. వాటా పత్రంలో శాతాలకు బదులు వాటినే వ్రాయడం శ్రేయస్కరం.